పచ్చబొట్టు రంగు వెలిసిపోకుండా ఎండ నుంచి ఎలా కాపాడుకోవాలి?

ప్రశ్న: నా వయసు 31 సంవత్సరాలు. నాలుగేళ్ల క్రితం ముంజేతి మీద నల్లని గీతలతో, ఎరుపు, పసుపు పూలతో ఒక తీగ పచ్చబొట్టు వేయించుకున్నాను. నేను ఎండలో పెద్దగా తిరిగే మనిషిని కాను. రోజూ రెండు గంటలు కారు నడుపుతాను, మిగిలిన సమయమంతా ఆఫీసులోనే గడుస్తుంది. అయినా పసుపు దాదాపు కనిపించడం లేదు, ఎరుపు ఇటుక రంగులోకి దిగింది. పైగా కాసేపు ఎండ తగిలితే చాలు, ఎరుపు వేసిన చోట మాత్రమే దురదపెట్టి ఉబ్బుతోంది. పది రోజుల క్రితం మెడ వెనుక మరో పచ్చబొట్టు వేయించుకున్నాను. దానికి ఇప్పటి నుంచే సన్‌స్క్రీన్ రాయాలా? సన్‌స్క్రీన్ రాస్తే రంగు కరిగిపోతుందని ఒక స్నేహితురాలు అంటోంది. నాది నల్లని చర్మం కనుక అసలు అవసరమే లేదని ఇంకొకరు చెబుతున్నారు. పాతదానికి మళ్లీ రంగు వేయించుకోవచ్చా?

సమాధానం: మీరు అడిగినవాటిలో మిగిలినవన్నీ కొన్ని వారాలు ఆగగలవు కానీ మెడ వెనుక ఉన్న కొత్త పచ్చబొట్టు ఆగలేదు. అందుకే దానితో మొదలుపెడుతున్నాను.

పది రోజుల పచ్చబొట్టు చూడటానికి ఎంత అందంగా ఉన్నా అది ఇంకా గాయమే. సూది వేల సార్లు దిగిన చోట పైచర్మం పూర్తిగా అతుక్కోలేదు, కొన్నిచోట్ల చెక్కు కట్టి ఉంటుంది, చెక్కు రాలిన చోట చర్మం పలుచగా, మెరుస్తూ ఉంటుంది. అలాంటి చర్మం మీద సన్‌స్క్రీన్ రాయకూడదు. అందులోని రసాయనాలు, సువాసన పదార్థాలు పచ్చి గాయానికి తగిలితే మంట పుడుతుంది, దద్దుర్లు రావచ్చు. రాసినదాన్ని కడగడానికి రుద్దితే మానుతున్న చర్మం మళ్లీ లేస్తుంది. అలాగని ఎండకు వదిలేయమని కాదు. మానుతున్న చర్మం ఎండకు మామూలు చర్మం కంటే త్వరగా కమిలిపోతుంది, కమిలిన చోట రంగు మచ్చలు మచ్చలుగా నిలుస్తుంది. కాబట్టి ఈ దశలో మీకు ఉన్న రక్షణ గుడ్డ ఒక్కటే. వదులుగా ఉండే, మెడను కప్పే కాలరున్న చొక్కా గానీ, రాపిడి లేకుండా కప్పుకునే పలుచని నూలు బట్ట గానీ చాలు. అయితే అది ప్రతిరోజూ ఉతికినదై ఉండాలి. టాటూ వేసినవారు అంటించే పారదర్శకమైన పల్చటి పట్టీ దుమ్మును, నీటిని ఆపుతుందే తప్ప ఎండను ఆపుతుందని అనుకోకండి.

ఎన్నాళ్లు ఇలా అంటే, సాధారణంగా రెండు నుంచి నాలుగు వారాలు. తేదీలు లెక్కపెట్టడం కంటే చర్మాన్ని చూసి తెలుసుకోవడం మేలు. చెక్కులన్నీ వాటంతటవే రాలిపోయి, మెరుపు తగ్గి, వేలితో తాకితే నొప్పి లేకుండా చుట్టుపక్కల చర్మంలాగే అనిపించినప్పుడు సన్‌స్క్రీన్ మొదలుపెట్టవచ్చు. మొదటిసారి మొత్తం మీద రాయకుండా, అంచున కొద్దిగా రాసి ఒక రోజు చూడండి. సువాసన లేనిది, జింక్ ఆక్సైడ్ ఉన్నది ఎంచుకుంటే కొత్తగా మానిన చర్మం దాన్ని తేలికగా ఓర్చుకుంటుంది.

ఇక పాతదాని సంగతి. ఎండలో పెద్దగా తిరగని మీ చెయ్యి ఎందుకు వెలిసిందన్నది నిజానికి మీ ఉత్తరంలోని అసలు ప్రశ్న. దానికి జవాబు తెలియాలంటే రంగు ఎక్కడ ఉంటుందో ముందు తెలియాలి. మన చర్మం పైపొర, అంటే బాహ్యచర్మం, దాదాపు నెలకొకసారి కొత్తదవుతూ పాతది రాలిపోతూ ఉంటుంది. రంగు ఆ పొరలోనే ఉండి ఉంటే ఏ పచ్చబొట్టూ రెండు నెలలు నిలిచేది కాదు. సూది దాన్ని దాటి, ఉపరితలం నుంచి ఒకటి రెండు మిల్లీమీటర్ల లోతున అంతశ్చర్మంలో రంగును వదులుతుంది. అక్కడ శరీరం ఆ రంగును బయటి పదార్థంగా గుర్తించి, వ్యర్థాలను మింగే మాక్రోఫేజ్ కణాలను పంపుతుంది. అవి రంగుకణాలను మింగుతాయి కానీ జీర్ణం చేసుకోలేక కడుపులోనే పెట్టుకుని అక్కడే ఉండిపోతాయి. 2018లో ఫ్రాన్స్ పరిశోధకులు ఎలుకల మీద చేసిన ప్రయోగంలో, ఈ కణాలు చనిపోయినప్పుడు అవి వదిలిన రంగును కొత్తగా వచ్చిన కణాలు మళ్లీ మింగుతాయని చూపించారు. పచ్చబొట్టు ఏళ్ల తరబడి కదలకుండా ఉండటం వెనుక ఇలాంటి చేతులు మారే కాపలా ఉంది. రంగుకణం పెద్దదిగా ఉన్నంతకాలం ఈ కాపలా సాగుతుంది. అది చిన్న ముక్కలైతే శోషరసం, అంటే కణజాలంలో ప్రవహించే లింఫ్ ద్రవం, వాటిని మోసుకుపోతుంది.

ఆ ముక్కలు చేసే పని ఎండ చేస్తుంది. ఎరుపు, పసుపు, నారింజ రంగుల్లో చాలావరకు ఏజో సమ్మేళనాలు అనే జాతికి చెందినవి. వీటి అణువులోని బంధాలను అతినీలలోహిత కాంతి తెంచగలదు. బంధం తెగితే రంగు పోతుంది, ఎందుకంటే ఆ రంగు ఆ బంధాలు వెలుగును పీల్చుకునే తీరు వల్ల వచ్చినదే. తెగిన ముక్కల్లో ఏరోమాటిక్ ఎమైన్లు అనే, శరీరానికి మేలు చేయని పదార్థాలు కూడా పుడతాయని ప్రయోగశాలల్లో చూశారు. కాబట్టి రంగు మీద ఎండ పడకుండా చూసుకోవడానికి అందం ఒక్కటే కారణం కాదు. నల్లని గీతలు మాత్రం చాలావరకు మసిబొగ్గు కణాలతో, అంటే కార్బన్‌తో చేసినవి. కార్బన్‌ను ఎండ అంత తేలికగా ఏమీ చేయలేదు. మీ తీగలో గీతలు నిలిచి పూలు వెలిసిపోవడానికి కారణం ఇదే. టాటూ వేసినవారి నైపుణ్యంలో లోపమని అనుకోకండి.

కానీ లోపలి రంగుదాకా చేరేది ఏ కాంతి? ఎండలోని అతినీలలోహిత కాంతిలో మనకు చేరేవి రెండు రకాలు, యూవీఏ, యూవీబీ. యూవీబీ కిరణాలు ఎక్కువగా పైపొరలోనే ఆగి, చర్మాన్ని కమిలిస్తాయి. యూవీఏ కిరణాలు అంతకంటే లోతుకు, సరిగ్గా రంగు ఉన్న పొరకు చేరతాయి. మామూలు గాజు యూవీబీని దాదాపు పూర్తిగా ఆపుతుంది, యూవీఏను మాత్రం చాలావరకు వదిలేస్తుంది. కారు ముందు అద్దం రెండు గాజు పలకల మధ్య ప్లాస్టిక్ పొర పెట్టి చేసినది కనుక యూవీఏను కూడా బాగా ఆపుతుంది. పక్క కిటికీ అద్దాల్లో చాలావాటికి ఆ పొర ఉండదు. అంటే రోజుకు రెండు గంటలు, నాలుగేళ్లపాటు, కిటికీ వైపున్న మీ చెయ్యి కమలకుండానే ఎండను తాగింది. కమిలి ఉంటే మీరు జాగ్రత్తపడేవారు. కమలకపోవడమే ఇక్కడ మోసం చేసింది. 28 ఏళ్లపాటు సరుకుల ట్రక్కు నడిపిన ఒక వ్యక్తి ముఖం ఫొటో 2012లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చింది. కిటికీ వైపున్న సగం ముఖం మందమై, లోతైన ముడతలతో నిండిపోతే, రెండో సగం ఎన్నో ఏళ్లు చిన్న మనిషిదిలా కనిపిస్తుంది. చర్మవైద్యులు తరచుగా ప్రస్తావించే ఫొటో అది. ఏదో ఒకరోజు సముద్రతీరంలో కాగిన ఎండ కంటే, రోజూ గమనించకుండా పడే ఎండే పచ్చబొట్టుకు ఎక్కువ చేటు చేస్తుందన్నది నా గట్టి అభిప్రాయం.

ఇక్కడ మరో విషయం గమనించాలి. మీరు పచ్చబొట్టును ఎప్పుడూ పైపొర గుండానే చూస్తారు. అది ఒక రంగు అద్దం లాంటిది. ఎండ తగిలి ఆ పొరలో చర్మానికి రంగునిచ్చే మెలనిన్ పెరిగితే అద్దం ముదురుతుంది, కింద ఉన్న రంగులు చెక్కుచెదరకపోయినా మసకగా కనిపిస్తాయి. పసుపు, తెలుపు, లేత గులాబీ లాంటి రంగులు మొదట దెబ్బతిన్నట్టు అనిపించేది అందుకే. ఎండ ఏళ్ల తరబడి అంతశ్చర్మంలోని కొల్లాజెన్‌ను కూడా దెబ్బతీస్తుంది, అప్పుడు చర్మం బిగువు తప్పి, గీతల అంచులు పదును కోల్పోతాయి. అంటే మీరు చూస్తున్న వెలిసిపోవడంలో కొంత నిజంగా పోయిన రంగు, కొంత పైపొర వేసిన తెర. మొదటిది తిరిగి రాదు, రెండోది నెలల్లో తొలగిపోవచ్చు. మళ్లీ రంగు వేయించుకోవాలా వద్దా అన్న మీ ప్రశ్నకు ఇది చాలా ముఖ్యం, కింద దాని దగ్గరికి మళ్లీ వస్తాను.

నల్లని చర్మానికి సన్‌స్క్రీన్ అవసరం లేదన్న మాట సగమే నిజం. మెలనిన్ ఎక్కువున్న చర్మం త్వరగా కమలదు, ఎండ వల్ల వచ్చే చర్మ క్యాన్సర్ ముప్పు కూడా తెల్లని చర్మంతో పోలిస్తే చాలా తక్కువ. కానీ మెలనిన్ ఎంత ఉన్నా యూవీఏను పూర్తిగా ఆపలేదు. పైగా ఎండకు ముదిరి మచ్చలు పడే స్వభావం మన రకం చర్మానికే ఎక్కువ. ఆ ముదురుతనం పచ్చబొట్టు మీద తెరలా ఎలా పడుతుందో ఇప్పుడే చెప్పాను. కాబట్టి మీకు సన్‌స్క్రీన్ అవసరమే, మీ రంగులకు మరింత అవసరం.

స్నేహితురాలు చెప్పినదాంట్లో మాత్రం నిజం లేదు. పూర్తిగా మానిన చర్మం మీద రాసిన సన్‌స్క్రీన్ తన పనిని పై పొరల్లోనే చేస్తుంది, మాక్రోఫేజ్‌ల కడుపులో ఉన్న రంగును కరిగించే శక్తి దానికి లేదు. పచ్చి గాయం మీద రాసినప్పుడు మండిన అనుభవమో, కొన్ని సన్‌స్క్రీన్‌లలో ఉండే అవోబెంజోన్ అనే పదార్థం ఇనుము ఎక్కువున్న నీళ్లలో ఉతికిన బట్టల మీద తుప్పురంగు మరకలు మిగల్చడమో చూసి ఈ నమ్మకం పుట్టి ఉండవచ్చు. ఆమెను తప్పుపట్టకండి, కానీ ఆ మాట విని మానేయకండి.

సన్‌స్క్రీన్ కొనేటప్పుడు డబ్బా మీద పెద్ద అక్షరాల్లో కనిపించే ఎస్‌పీఎఫ్ అంకె ముఖ్యంగా యూవీబీకి సంబంధించినదని గుర్తుంచుకోండి. ఎస్‌పీఎఫ్ 30 ఉన్నది యూవీబీలో దాదాపు 97 శాతాన్ని, 50 ఉన్నది దాదాపు 98 శాతాన్ని ఆపుతుంది. అంటే 30 దాటిన తర్వాత అంకె పెరిగినంతగా రక్షణ పెరగదు. మీకు కావలసినది యూవీఏ రక్షణ కనుక, బ్రాడ్ స్పెక్ట్రమ్ అని గానీ, వలయం లోపల యూవీఏ అన్న అక్షరాలు గానీ, పీఏ పక్కన మూడు నాలుగు ప్లస్ గుర్తులు గానీ ఉన్నాయేమో చూడండి. జింక్ ఆక్సైడ్ ఎక్కువున్నవి పచ్చబొట్టు మీద బూడిద పూసినట్టు తెల్లగా కనిపిస్తాయి. చర్మం పూర్తిగా మానిన తర్వాత అది నచ్చకపోతే పారదర్శకంగా ఇంకే జెల్ రకాలు వాడుకోవచ్చు.

అయితే ఏది కొన్నారన్నదాని కంటే ఎంత రాశారన్నది ఎక్కువ తేడా తెస్తుంది. డబ్బా మీది అంకెను పరీక్షించేటప్పుడు ప్రతి చదరపు సెంటీమీటరు చర్మానికి 2 మిల్లీగ్రాముల చొప్పున రాస్తారు. నిత్యజీవితంలో చాలామంది అందులో పావు నుంచి సగం దాకా మాత్రమే రాసుకుంటారు, కాబట్టి వారికి అందే రక్షణ డబ్బా మీది అంకె కంటే చాలా తక్కువ. భుజం నుంచి వేళ్ల దాకా ఒక చేతికి, చూపుడువేలు, మధ్యవేలు రెండింటి పొడవునా పిండినంత కావాలి. ముంజేతికి, అరచేతి వెనుకకు కలిపి అందులో సగం. పచ్చబొట్టు హద్దుల వరకే రాసి ఆపకండి, చుట్టూ నాలుగు వేళ్ల మేర రాయండి. లేకపోతే చుట్టుపక్కల చర్మం నల్లబడి పచ్చబొట్టు ఒక పట్టీ అంటించినట్టు కనిపిస్తుంది. బయటికి వెళ్లడానికి పావుగంట ముందు రాసి, ఎండలో ఉన్నంతసేపు రెండు గంటలకొకసారి, చెమట పట్టినా, తడిసినా, తుడుచుకున్నా వెంటనే మళ్లీ రాయాలి. ఒక చిన్న హెచ్చరిక కూడా: ఆ డబ్బాను కారులో ఉంచకండి. ఎండలో నిలిపిన కారు వేడికి అందులోని పదార్థాలు విడిపోయి పాడవుతాయి.

ఇంత చెప్పిన తర్వాత కూడా, నన్ను ఒక్కటే ఎంచుకోమంటే సన్‌స్క్రీన్‌ను కాక పొడవు చేతుల చొక్కానే ఎంచుకుంటాను. గుడ్డ పలుచగా రాయడం, మరిచిపోవడం, చెమటకు కారిపోవడం అంటూ ఉండదు. నేత దగ్గరగా ఉన్న ముదురు రంగు గుడ్డ చాలు. దీపానికి ఎదురుగా పట్టి చూస్తే వెలుగు ధారాళంగా వస్తుంటే ఎండ కూడా అలాగే వస్తుందని తెలుసుకోవచ్చు. తడిసిన పలుచని నూలు గుడ్డ పొడిదాని కంటే తక్కువ కాపాడుతుంది. యూపీఎఫ్ 50 అని రాసి ఉన్న గుడ్డ అతినీలలోహిత కిరణాల్లో యాభైయో వంతును మాత్రమే లోపలికి వదులుతుంది. డ్రైవింగ్ చేసేటప్పుడు వేసుకుని దిగగానే తీసేసే చేతి తొడుగులు అలాంటి గుడ్డతో దొరుకుతాయి. మీ పరిస్థితికి వాటికంటే సులువైన దారి నాకు కనిపించడం లేదు, అవి ఒక జత కారులోనే ఉంచుకోండి. ఎండ తీవ్రతను తెలిపే యూవీ సూచిక 3 లేదా అంతకంటే ఎక్కువ ఉన్న రోజున రక్షణ అవసరమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. సూచిక చూసుకునే వీలు లేకపోతే మీ నీడను చూడండి, అది మీ ఎత్తు కంటే పొట్టిగా ఉంటే ఎండ బలంగా ఉన్నట్టే. మబ్బు పట్టిన రోజును నమ్మకండి, పలుచని మబ్బు గుండా అతినీలలోహిత కాంతిలో ఎక్కువ భాగం కిందికి వస్తుంది.

ఇప్పుడు మీరు ఒక వాక్యంలో చెప్పి దాటేసిన విషయానికి వస్తాను, నన్ను అన్నిటికంటే ఎక్కువ ఆలోచింపజేసినది అదే. ఎరుపు వేసిన చోట మాత్రమే, అదీ ఎండ తగిలిన తర్వాత, దురదపెట్టి ఉబ్బడం మామూలు కమలడం కాదు. పచ్చబొట్టు రంగుల్లో అలర్జీని ఎక్కువగా తెచ్చేది ఎరుపే. ఒకప్పుడు దాన్ని పాదరసపు సమ్మేళనంతో చేసేవారు, నేటి ఎరుపులు వేరే రసాయనాలైనా ఈ గుణం పూర్తిగా పోలేదు. వేయించుకున్న కొన్నేళ్ల తర్వాత కూడా అది బయటపడవచ్చు, ఎండ దాన్ని రెచ్చగొట్టవచ్చు. పసుపులో వాడిన కాడ్మియం సల్ఫైడ్ అయితే కాంతి తగలగానే ఉబ్బుతుందని వైద్యులు చాలాకాలంగా ఎరుగుదురు. అందుకని మీరు చర్మవైద్యుడికి చూపించండి. అప్పటిదాకా ఆ చోటును గుడ్డతో కప్పి ఉంచండి, గోకకండి, దురద ఎక్కువైతే చల్లని తడిగుడ్డ వేయండి. ఎవరో చెప్పిన స్టెరాయిడ్ క్రీమును సొంతంగా నెలల తరబడి రాయకండి, అది చర్మాన్ని పలుచన చేస్తుంది. వైద్యుడికి మీరు వాడుతున్న మందులన్నీ చెప్పండి. డాక్సీసైక్లిన్ వంటి కొన్ని యాంటీబయాటిక్‌లు, హైడ్రోక్లోరోథయజైడ్ వంటి బీపీ మందులు చర్మం ఎండను తట్టుకోలేకుండా చేస్తాయి. ఎరుపు భాగం గట్టిపడి గడ్డలుగా లేచినా, పుండు పడినా, పచ్చబొట్టులో గానీ పక్కన గానీ ఉన్న పుట్టుమచ్చ ఆకారం, రంగు, పరిమాణం మారినా వారాలు వేచిచూడకుండా వెళ్లండి. నల్లని రంగు కింద మారుతున్న మచ్చ త్వరగా కనిపించదు కనుక, ఇకముందు ఏ పచ్చబొట్టు వేయించుకున్నా పుట్టుమచ్చలను వదిలి వేయమని చెప్పండి.

ఎప్పుడైనా పచ్చబొట్టు ఉన్న చోట కమిలితే చల్లని నీటితో తడిపి, సువాసన లేని మాయిశ్చరైజర్ రాసి, పూర్తిగా తగ్గేదాకా మళ్లీ ఎండ చూపకండి. ఐస్ నేరుగా పెట్టకూడదు, పొక్కులు చిదమకూడదు, పైన లేచిన పొరను లాగకూడదు.

మళ్లీ రంగు వేయించుకోవడం గురించి నా సమాధానం రెండు భాగాలు. ఎరుపును, వైద్యుడు కారణం తేల్చేదాకా, ఏ కొత్త ఎరుపుతోనూ ముట్టుకోవద్దు. అలర్జీ ఉన్న చోట అదే రంగును మరింత నింపితే ఇప్పటి దురద రేపు తగ్గని పుండుగా మారవచ్చు. లేజర్‌తో తీయించుకోవాలని కూడా తొందరపడకండి. అలర్జీ ఉన్న రంగును లేజర్ పగలగొడితే ఆ ముక్కలు శరీరమంతటా ప్రతిచర్యను రేపిన సందర్భాలు ఉన్నాయి, అది కూడా వైద్యుడు చెప్పిన తర్వాతే. పసుపు విషయంలో మాత్రం మీకు ఆశ ఉంది, అయితే దానికీ తొందర వద్దు. ఈ రోజు కిటికీ పక్కన, నేరుగా ఎండ పడని వెలుతురులో ముంజేతిని ఒక ఫొటో తీయండి. చేతి తొడుగు, సన్‌స్క్రీన్, రాత్రిపూట మాయిశ్చరైజర్ క్రమం తప్పకుండా మూడు నెలలు పాటించి, అదే చోట, అదే వేళకు మరో ఫొటో తీసి రెండింటినీ పక్కపక్కన పెట్టండి. పైపొర తెర తొలగి పసుపు కొంత తేరుకుంటే సూది అవసరమే ఉండకపోవచ్చు. తేడా ఏమీ లేకపోతే పోయినది నిజంగా రంగే అని తెలుస్తుంది. అప్పుడు ఆ రెండు ఫొటోలతో, ఎరుపు గురించి వైద్యుడు చెప్పిన మాటతో టాటూ వేసేవారి దగ్గరికి వెళ్లండి.